బూడిద పళ్లెంలో అడుగు: హిందూపురం చెప్పుల కంపెనీలో ఒక రోజు

మా ఇంట్లో నా గురించి ఒక కథ స్థిరపడిపోయింది. నాకు తోలు వాసన పడదట. ఆరేళ్లప్పుడు హిందూపురంలో మా తాత యాకోబు చెప్పులు కుట్టే పాకకు తీసుకెళ్తే గుమ్మంలోనే వాంతి చేసుకున్నానట. వాంతి చేసుకున్న మాట నిజమే. కానీ ఆ పొద్దున రైల్లో అమ్మ వద్దంటున్నా ఒళ్లో పోసుకుని తిన్న పచ్చి వేరుశనక్కాయల సంగతి ఎవరికీ గుర్తులేదు. నాకు గుర్తుంది, నన్నెవరూ అడగలేదు. అప్పటి నుంచి ఆ పాక పెరిగి కంపెనీ అయింది, తాత పోయి నాలుగేళ్లయింది, నేను అనంతపురం కాలేజీలో బి.ఏ. పూర్తిచేశాను. కథ మాత్రం అలాగే ఉంది. కంపెనీ చూసుకునే మా చిన్నాయన అనంతపురం వచ్చినప్పుడల్లా స్టేషన్‌లోనే చొక్కా మార్చుకుని ఇంటికి వస్తాడు. నా కోసమేనట.

పోయిన వారం ఆయన నాయనకు రాసిన ఉత్తరం నా కంటబడింది. మిషన్ ఆసుపత్రి నర్సులకు బూట్లు కావాలని అడిగారనీ, ఆడవాళ్ల కాళ్ల కొలతలు తీయడానికి చదువుకున్న ఆడమనిషి ఎవరైనా ఉంటే చూడమనీ రాశాడు. చివర్న ఒక వాక్యం: “మన రూతును అడగను, దానికి వాసన పడదు కదా.” ఆ వాక్యం చదివాక నాకు అన్నం సహించలేదు. ఆ పాటికే కర్నూలులో ఒక ఆఫీసు నుంచి గుమాస్తా ఉద్యోగానికి ఉత్తర్వు వచ్చి ఉంది. సోమవారంలోగా జవాబు రాయాలి. ఇంట్లో అందరూ కర్నూలు ఖాయమన్నట్టే పెట్టె సర్దుతున్నారు. శనివారం పొద్దున నేను హిందూపురం వెళ్తానన్నాను.

“లేపాక్షి చూసొస్తావా? పో, మళ్లా కర్నూలు పోతే కుదరదు,” అంది అమ్మ. నేను చెప్పింది ఒకటి, ఆమె విన్నది ఒకటి. సరిదిద్దే ఓపిక లేక చెప్పులేసుకున్నాను.

అనంతపురం నుంచి హిందూపురానికి పొద్దున ఆరు దాటాక పాసింజరు ఉంది. మూడో తరగతి టికెట్టు రెండు రూపాయల చిల్లర. కుడివైపు కిటికీ దొరికితే వదలకండి. ధర్మవరంలో బండి చాలాసేపు ఆగుతుంది, ఆ వ్యవధిలో ప్లాట్‌ఫారం మీద వేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినవచ్చు. ఆ తర్వాత ఊళ్లు పలచబడి ఎర్రనేల మొదలవుతుంది. ఈ ఏడు కూడా వాన ముఖం చాటేసింది. వేరుశనగ చేలు జానెడెత్తులోనే ఎండి నిలబడ్డాయి. అయినా గట్ల నిండా తంగేడు పచ్చగా పూసి ఉంది. దానికి వానతో పనిలేదు. మా తాత కంపెనీ సగం ఆ పొద మీదే నిలబడిందని ఆ పొద్దున నాకు తెలియదు.

పెనుకొండలో ఒక నడివయసు ఆవిడ కంబళ్ల మూటతో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. పేరు ఈరక్క, మడకశిర దగ్గర పల్లె. గొర్రెలు మేపుతారు, బొచ్చుతో కంబళ్లు నేస్తారు. హిందూపురం సంతలో అమ్మి సాయంత్రం మడకశిర బస్సెక్కాలట. ఆమె కాళ్లకు మగవాళ్ల చెప్పులున్నాయి. కాలికన్నా బెత్తెడు పెద్దవి కావడంతో మడమల దగ్గర పురికొసతో కట్టుకుంది.

“ఒక్కదానివే యాడికమ్మా?” అంది.

చెప్పుల కంపెనీకి అన్నాను. ఆమె పెద్దగా నవ్వింది.

“ఆడ ఆడోళ్లకు చేయరు తల్లీ. నేను పోయినా. దుడ్లు చేత పట్టుకోనే పోయినా. మీ ఆయన్ను పిల్చకరా, కొలత తీస్తామన్నారు. ముల్లు గుచ్చుకునేది నా కాల్లో, కొలత ఆయన కాలుదా?”

“మరి ఇవి?”

“ఆయనవే. ఆయన కొత్త మెట్లు కొనుక్కుంటే పాతవి నాకు. మా ఇంట్లో పెళ్లాము కాలికీ కుక్క నోటికీ పాత మెట్లే.”

మా వైపు చెప్పుల్ని మెట్లంటారు. రైలు పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ, ఆ గుమ్మంలోంచి ఆమెను వెనక్కి పంపింది మా వాళ్లేనని చెప్పలేక సిగ్గుపడ్డాను. దిగేటప్పుడు, సంత అయ్యాక కంపెనీ దగ్గరికి రమ్మన్నాను. “నువ్వేమన్నా కంపెనీ దొరసానివా?” అని మూట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

హిందూపురం చేరేసరికి పది దాటింది. స్టేషన్ నుంచి కంపెనీకి మైలున్నర. జట్కావాడు ముప్పావలా అడిగితే అర్ధరూపాయికి ఒప్పించాను. “జోళ్ల కంపెనీకేనా? ఈ గుర్రానికి తప్ప ఊర్లో అందరికీ ఆడివే,” అని తన కాలు పైకెత్తి చూపించాడు. గర్వంగానే చూపించాడు. నాకూ ఛాతీ కొంచెం పొంగింది.

కంపెనీ అంటే మిద్దెలూ పొగ గొట్టాలూ ఊహించుకోవద్దు. పొడవాటి రేకుల షెడ్లు మూడు, మధ్యలో రాళ్లు పరిచిన ఆవరణ. నేను వచ్చానని తెలిసి చిన్నాయన ఉతికిన చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. “ఆఫీసులో కూచో పాపా, సోడా తెప్పిస్తా. లోపలికి మాత్రం వద్దు.”

“ముందు తొట్లు యాడున్నాయో చూపించు చిన్నాయనా,” అన్నాను.

తోలు ఊనే చోటు, అంటే పచ్చితోలును పదును చేసే చోటు, వెనకవైపు ఉంది. మొదట సున్నపు తొట్లు. అక్కడి ఘాటు ముక్కుకు కాదు, కళ్లకు తగులుతుంది. వాటిని దాటితే తంగేడు చెక్క నానేసిన తొట్లు. గట్ల మీది పొదల బెరడు ఎండబెట్టి, దంచి, నీళ్లలో వేస్తారు. గొర్రె తోళ్లు రోజుల తరబడి అందులో ఊరి లేత గోధుమరంగుకు వస్తాయి. తడిసిన ఆకులూ పాతబెల్లమూ కలిసినట్టుంటుంది ఆ వాసన. నేను తొట్టి అంచున నిలబడి గుండెల నిండా పీల్చాను. చిన్నాయన నా ముఖంలోకీ, నా కాళ్ల ముందు నేల మీదికీ మార్చి మార్చి చూస్తున్నాడు.

“ఎట్లుండాది?”

“ఆకలేస్తోంది,” అన్నాను.

పనివాళ్లతో కలిసి తిన్నాం. రాగిసంకటి, వేరుశనగ ఊరిబిండి. కంపెనీ చరిత్ర నాకు అక్కడే, ఫర్మాల షెడ్డులో, హుసేన్ తాత నోట తెలిసింది. ఫర్మా అంటే చెక్కతో చెక్కిన కాలు. దాని మీదే చెప్పు కుడతారు. హుసేన్ తాత ఒకప్పుడు బండి చక్రాలు చేసే వడ్రంగి. మా తాతకు స్నేహితుడు. ఇప్పటికీ కంపెనీ ఫర్మాలన్నీ ఆయన చేతివే. గోడ నిండా వందల చెక్కకాళ్లు వేలాడుతున్నాయి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు నాలుగు కుటుంబాలు కలిసి ఈ షెడ్డు వేసుకున్నాయట. మొదటి పెద్ద పని ఒక బస్సు యజమాని ఇచ్చాడు, తన డ్రైవర్లకూ కండక్టర్లకూ బూట్లు కావాలని. అప్పటిదాకా మా వాళ్లు కుట్టింది పల్లె చెప్పులే. బూట్లంటే ఫర్మాలు కావాలి కదా అని మద్రాసు నుంచి రైల్లో తెప్పించారు. బూట్లు నిగనిగలాడాయి. ఊరంతా వచ్చి చూసింది.

“వారం కాలేదు బేటీ,” అన్నాడు హుసేన్ తాత. “డ్రైవర్లంతా వచ్చి బూట్లు మా ముందర పారేసినారు. అన్నిటికీ చాకుతో కోత. కోతలన్నీ నోళ్లు తెరుచుకోని మమ్మల్ని చూసి నవ్వుతాండాయి. నాకు కోపమొచ్చింది, తిట్టినాను. మీ తాత తిట్టలే. బూట్లన్నీ వరసగా పెట్టి చూసినాడు. ఏమప్పా హుసేనూ, అందరూ ఒకే తావున కోసినారు చూడు అన్నాడు.”

అన్ని కోతలూ చిటికెనవేలి దగ్గరే. పుట్టినప్పటి నుంచి ఎర్రనేల మీద చెప్పుల్లేకుండా నడిచిన కాళ్లవి, వేళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. మద్రాసు ఫర్మా మాత్రం సన్నగా మొన తేలి ఉంది. తప్పు కుట్టులో లేదు, కాలిని పరాయి ఊరి నుంచి తెప్పించుకోవడంలో ఉంది. మన కాళ్లకు మన ఫర్మాలే చెక్కుదామన్నాడు తాత. చెక్కాలంటే కొలతలు కావాలి. సంతరోజు వెళ్లి అడిగితే ఎవరూ కాలు ఇవ్వలేదు. తోలు పని చేసేవాళ్ల చేయి తమ కాలికి తగలకూడదన్నారు. మేం కుట్టిన చెప్పు తొడుక్కుంటారు, మా చేయి మాత్రం తగలకూడదు.

“అప్పుడేం చేసినాడు తాత?”

హుసేన్ తాత బల్ల కింది నుంచి ఒక వెడల్పాటి ఇనుప పళ్లెం లాగాడు. అందులో జల్లించిన మెత్తటి బూడిద. “ముట్టుకోవద్దంటిరి, ముట్టుకోను. దీంట్లో అడుగేసి పొండి అన్నాడు. నవ్వుకుంటా అడుగేసి పోయినారు. వాళ్లకు తెలీలేదు, టేపు పట్టి కొలిస్తే ఇంత కొలత దొరకదు. ఒక్కో వేలూ, మడమా, యాడ బరువు పడతాది, అంతా బూడిదలో ఉండాది. మూడు సంతలు తిరిగినాం. ఆ అడుగులే ఇవి.” గోడ చూపించాడు.

నేను లేచి ఆ గోడ దగ్గరికి నడిచాను. మా తాతను దూరంగా నిలబెట్టినవాళ్ల కాళ్లన్నీ ఆయన గోడకు వేలాడుతున్నాయి. ఇప్పుడు ఈ పీఠభూమి మీద బస్సు తోలేవాళ్లు, రైలు పట్టాలు చూసేవాళ్లు, గుమ్మఘట్ట నుంచి మడకశిర దాకా గొర్రెలు కాసేవాళ్లు ఆ ఫర్మాల మీద కుట్టినవే తొడుగుతారు. ఎవరూ చాకు పట్టుకోవడం లేదు.

అంత గోడలో ఆడకాలు ఒక్కటీ లేదు.

మూడు గంటలకు గేటు దగ్గర గొడవ వినిపించింది. ఈరక్క! రెండు కంబళ్లు మిగిలిన మూటతో నిలబడి కాపలావాడితో వాదిస్తోంది. “దొరసాని రమ్మనింది. యాడుండాది మీ దొరసాని?”

ఆమెను లోపలికి పిలిచి, ఈ కాలు కొలవాలన్నాను; పళ్లెం తెచ్చి ఆవరణలో పెట్టారు. కుట్టేవాళ్లంతా చేతిపని ఆపి చూస్తున్నారు. ఈరక్క కాలు ముందుకు పెట్టబోయి వెనక్కి తీసుకుంది. “ఇంతమంది మొగోళ్లు కండ్లప్పగించి చూస్తాంటే ఎట్ల ఏసేదమ్మా? తిరునాళ్లలో ఎలుగ్గొడ్డునా నేను?”

పళ్లెం నేనే ఎత్తుకుని తంగేడు చెక్క నిలవచేసే గదిలోకి నడిచాను. తలుపు దగ్గరికి వేసి, ముందు నా చెప్పులు విప్పి నేను అడుగేశాను. “నీ కాలు తెల్లగుండాది, నువ్వేస్తావు,” అని గొణిగింది. బూడిద సర్ది పళ్లెం ఆమె ముందు పెట్టాను. చీర కుచ్చిళ్లు పట్టుకుని, గాజుపెంకుల మీద నడిచినట్టు ఒక్క క్షణం ఆనించి తీసేసింది. పళ్లెం బయటికి తెస్తే హుసేన్ తాత ఒక్క చూపు చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఇది కాలు కాదు బేటీ, సిగ్గు. నిలబడిన కాలు కావాల.”

ఇంకోసారి వేయించినా అంతే. రైలు దిగినప్పుడు మూట నెత్తిన పెట్టుకుని ఈమె నడిచిన నడక నాకు గుర్తుకొచ్చింది. ఆ నడకలో సిగ్గు లేదు. “ఈరక్కా, మూట నెత్తికెత్తుకో,” అన్నాను. రెండు కంబళ్లు చాలవని ఒక తంగేడు చెక్క బస్తా కూడా దాని మీద పెట్టాను. “కొలతకొస్తే కూలికి పెట్టుకునేట్టుండావే!” అంటూనే నడుం నిలబెట్టింది. ఎప్పుడూ నిలబడేట్టే నిలబడింది. కాలు బూడిదలో పూర్తిగా దిగింది, ఐదు వేళ్లూ విచ్చుకున్నాయి.

హుసేన్ తాత ఆ అడుగు చూసి చిన్నాయనను కేకేశాడు. “రారా, చూడు. ఆడకాలంటే ఐదు వేళ్లెడల్పు అనుకుంటిమి, ఇది ఆరుండాది. ఆడోళ్లు ఉత్తకాలితో యాడ నడుస్తారు? నెత్తిన కడవో, మోపో, చంకలో బిడ్డో. బరువుతో కొలవాల. ఇన్నేండ్లు నాకు తట్టలే.” తర్వాత, ఈరక్కకన్నా ముందు నేనూ అడుగేశానని విని, అది ఎలా ఉందని అడిగాడు. మళ్లీ వేసి చూపించాను. “చిటికెనేలు మడిసిపోయింది. ఇది మన కాలు కాదు, మద్రాసు ఫర్మా మీద కుట్టిన కాలేజీ బూటు కాలు,” అని వెక్కిరించాడు. “మన జత తొడుగు, రెండేండ్లకు మనదయితాది.”

చిన్నాయన ముందుకొచ్చాడు. ఈరక్క అడుగు మీద బూడిద చెదరకుండా కాగితం కప్పి, దాని మీద ఆమె పేరు నన్నే రాయమన్నాడు. రాశాను. ఆమె జత పదిహేను రోజుల్లో సిద్ధమవుతుంది. మడకశిర బస్సుకు పరుగెత్తుతూ కూడా, “ఇవి మా ఆయనకు పట్టకూడదు, చూడండప్పా!” అని అరిచింది.

తిరుగు బండి సాయంత్రం ఆరున్నరకు. చిన్నాయన స్టేషన్ దాకా వచ్చాడు. జట్కాలో పక్కన కూర్చున్నాక గమనించాను, పని చొక్కాతోనే ఉన్నాడు. చేతుల మీద తంగేడు మరకలు. “మార్చుకోవడం మర్చిపోయినా,” అన్నాడు. “మర్చిపోయేది మేలు,” అన్నాను.

వాన రాని నేల అని అందరూ జాలిపడే చోట, వాన అక్కర్లేని పొదతోనూ, ఎండలో తిరిగే గొర్రె తోలుతోనూ, ముట్టుకోవద్దన్న మాటతోనూ ఒక మనిషి ఒక ఊరి కాళ్లకు సరిపోయే వస్తువు చేశాడు. ఆయన మనవరాలిని నేను. ఆ మాట కాలేజీలో నాలుగేళ్లలో ఒక్కసారీ ఎవరితోనూ అనలేదు, ఇంట్లో వాళ్లు నన్ను తప్పుగా అర్థం చేసుకున్నారని రాసిన నేను ఈ సంగతీ రాయాలి. ఇకమీదట అడగనివాళ్లకు కూడా చెబుతాను.

లేపాక్షి వెళ్లేవాళ్లకు ఒక సలహా. పొద్దున బస్సులో వెళ్లి గుడీ నందీ చూసుకుని, కంపెనీకి సాయంత్రం నాలుగు దాటాక రండి. రోజంతా నడిచిన కాలు కాస్త ఉబ్బి ఉంటుంది, అప్పుడు ఇచ్చిన కొలతకు కుట్టిన చెప్పు ఎప్పటికీ కరవదు. ఆడవాళ్లు మీ సంచి దించకుండా రండి.

కర్నూలు ఉద్యోగంలో చేరనని ఆదివారం ఉత్తరం రాసి, సోమవారం పొద్దున పోస్టు చేశాను. హిందూపురం చెప్పుల కంపెనీలో ఆడవాళ్ల కొలతలు నేనే తీస్తాను.