ఐస్ బండికి అమ్మ పెట్టిన బొట్టు

మా చిన్నప్పుడు... ఒక దసరా రోజు పొద్దున్నే అమ్మ నాకు తలంటు పోసి, కొత్త గౌను తొడిగి, ఐస్ హాకీ స్టేడియానికి తీసుకెళ్ళింది. చేతిలో కుంకుమ భరిణె... సంచిలో నాలుగు నిమ్మకాయలు.

అది జర్మనీలో ఒక చిన్న యూనివర్సిటీ ఊరు. నాన్న అక్కడ రీసెర్చ్ చేసేవారు. బోటనీలో ఎమ్మెస్సీ చదివిన అమ్మ, భాష రాక రెండేళ్ళు కిటికీ దగ్గరే కూర్చుంది. ఆ తర్వాత దొరికిన మొదటి ఉద్యోగం, యూనివర్సిటీ స్టేడియంలో మంచు మీద జారే బూట్లు, అదే స్కేట్స్, అద్దెకిచ్చే కౌంటర్. సైజు అడగడం, బూట్లు ఇవ్వడం, మళ్ళీ తీసుకోవడం... అంతే పని. కానీ ఆ కౌంటర్ వెనక నిలబడితే మా అమ్మ కలెక్టరమ్మలా ఉండేది.

అక్కడ మంచు బాగోగులన్నీ చూసే పెద్దాయన బ్రాంట్ గారు. మొదట్లో ఆ స్టేడియానికి పైకప్పే లేదట. నీళ్ళను మంచుగా గడ్డకట్టించే చలవ గొట్టాలు విద్యార్థులే భుజాన మోసి వేశారట... అలా మోసినవాళ్ళలో ఆయనా ఒకరు. వాన పడితే ఆట ఆపేసి ఇళ్ళకు పోయేవాళ్ళట. పైకప్పు చాలా ఏళ్ళకు వచ్చింది. ఈ కథ ఆయన నాకు కనీసం యాభైసార్లు చెప్పి ఉంటారు.

ఇక ఆ దసరా... అమ్మ ముందు స్కేట్స్ సాన పట్టే మెషిన్‌కి బొట్టు పెట్టింది. తర్వాత మంచును చదును చేసే పెద్ద బండి దగ్గరికి నడిచింది. నాకు సిగ్గుతో ప్రాణం పోయింది.

"అమ్మా, వద్దు... ఎవరైనా చూస్తారు" అన్నాను జర్మన్‌లో.

"ఏడాదంతా పనిచేసే బండికి ఒక్కరోజు బొట్టు పెట్టకుంటే ఎట్లనే?" అంది. బండి ముందు భాగానికి పెట్టింది, నాలుగు చక్రాలకూ పెట్టింది, కింద నిమ్మకాయలూ పెట్టింది.

కాఫీ తాగి వచ్చిన బ్రాంట్ గారు ఏమీ చూడకుండా బండెక్కారు. తడి కుంకుమ ఇంకా ఆరలేదు... ఒక రౌండ్ తిరిగేసరికి తెల్లటి మంచు మీద వరసగా ఎర్ర మరకలు. బండి వెనక పడే నీళ్ళు వాటి మీదే గడ్డకట్టాయి. సాయంత్రం యూనివర్సిటీ మ్యాచ్. రిఫరీ వచ్చి, ఎవరికి దెబ్బ తగిలిందని అడిగాడు.

అమ్మ చీర బొడ్లోంచి కౌంటర్ తాళాలు తీసి చేత్తో పట్టుకుంది. ఇక ఇచ్చేయమంటారనే... మళ్ళీ ఆ కిటికీయే గతి అనే భయం.

"నువ్వే చెప్పవే, నాకు మాట వస్తలేదు" అంది.

ఈరోజు మేము పనిచేసే వస్తువులకు దండం పెట్టుకుంటామని చెప్పాను. బ్రాంట్ గారు బండి ముందుకొచ్చి ఆ బొట్టు చూశారు.

"ఇన్నేళ్ళుగా నడుపుతున్నాను. దీనికి థాంక్స్ చెప్పాలని నాకు తోచలేదు" అన్నారు. రిఫరీ వైపు తిరిగి, "ఆట కోసం ఇక్కడ ఎర్ర గీతలున్నాయి, నీలం గీతలున్నాయి. నాలుగు చుక్కలుంటే ఏమైంది?" అన్నారు. వాటి మీద ఇంకో పొర నీళ్ళు పట్టించారు.

వసంతంలో మంచు కరిగించేదాకా ఆ కుంకుమ అడుగునే ఉంది. నేను స్కేటింగ్ నేర్చుకున్నది దాని మీదే. మరుసటి ఏడు ఆయనే అమ్మ దగ్గరికి వచ్చి, "ఫ్రావ్ సరళా, మీ ఆ రోజు ఎప్పుడు?" అని అడిగారు. ఫ్రావ్ అంటే మన 'గారు' లాంటిదే. చక్రాలకు మాత్రం వద్దన్నారు.

మేము మ్యూనిక్‌కి మారేటప్పుడు అమ్మ భరిణె ఆయన చేతిలో పెట్టి, "ఇక మీరే పెట్టాలి సార్" అంది. జర్మన్ ఆయన బొట్టేం పెడతారులే అని నాన్న నవ్వారు.

పోయిన నెల ఆ స్టేడియం మూసేశారు. చివరి రోజుకు పాతవాళ్ళందరినీ పిలిస్తే అమ్మా నేనూ వెళ్ళాం. బండి ముందు వంకర టింకర బొట్టు... చక్రాల కింద నిమ్మకాయలు. చేతికర్రతో వచ్చిన బ్రాంట్ గారు కోటు జేబులోంచి భరిణె తీసి ఇచ్చారు. అమ్మ మూత తెరిచింది. నిండుగా ఇచ్చిన భరిణె... అడుగు కనిపిస్తోంది.

"ఏటా పెట్టిన్రు చూడవే" అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. మిగిలిన చిటికెడు ఉంగరం వేలితో తీసి ఆయన వైపు చూసింది. ఆయన కర్ర మీద బరువు వేసి, నుదురు వంచారు.

దాని బదులు కట్టిన కొత్త స్టేడియంలో కార్డు చూపిస్తే అల్మారా తలుపు తెరుచుకుంటుందట... స్కేట్స్ మనమే తీసుకోవాలట. సైజు అడిగేవాళ్ళే ఉండరట.

మీ అమ్మ తెలియని ఊళ్ళో నిలదొక్కుకున్న మొదటి చోటు ఏది? అక్కడ ఆమెను తాళాలు వెనక్కి అడగని మనిషి ఎవరు? చెప్పండి... మేమైతే ఆ ఖాళీ భరిణె ఇంటికి తెచ్చుకున్నాం, నింపి ఆయనకే పంపుతున్నాం.