అల్లుడితో తగాదా

నూజెండ్లలో గోపాలకృష్ణయ్యకు ఒకటే పిచ్చి: రోజూ పొద్దున్నే మరమనిషితో పోట్లాడాలి. లేకపోతే ఆయనకు తిన్నది అరిగేది కాదు. ఆ పోట్లాటలు తలచుకుంటే అదే ఊళ్లో కౌలుకు చేసే కుసుమకు ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెనకే మనసు మెత్తబడుతుంది.

రైతుల సందేహాలు తీర్చడానికని ఆ మరమనిషిని సొసైటీ ఆఫీసు వరండాలో పెట్టారు. నడుం దాకా మనిషి, కింద చక్రాలు. సందేహాలు అందరికీ ఉన్నాయి, అడిగేవాళ్లే లేరు. చేనుకు తెగులొచ్చిందని నలుగురిలో ఒప్పుకోవడం అక్కడ పరువుతక్కువ. "మా చేనుకేంది, బెమ్మాండంగా ఉంది" అనేసి చాటుగా మందుల కొట్టుకు పోయేవాళ్లు.

గోపాలకృష్ణయ్యకు మాత్రం ఆ సిగ్గు లేదు. లోకంలోని తెగుళ్లన్నీ ఆయన చేలోనే పడేవి. ఆ చేను ఎక్కడో అచ్చంపేట దగ్గర, అత్తగారి వైపు నుంచి వచ్చిందట. ఎవరూ చూడలేదు.

"ఏందిరా అల్లుడూ, నా మిరప ముడుచుకుపోయింది."

"ఆకులు పైకి ముడిచాయా, కిందికా, మావయ్య గారూ?" ఆ వరస ఆయన నేర్పిందే.

"పైకీ, కిందికీ."

"పైకైతే తామరపురుగు, కిందికైతే నల్లి. మందులు వేరండీ."

"మామకే ఎదురు చెప్తావా? రెండూ చెప్పు. గట్టిగా చెప్పు, నాకు చెవుడు."

అది రెండూ గట్టిగా చెప్పేది. తమాషా చూడ్డానికి వచ్చిన జనం, ఈయన చేను ఈ జన్మకు బాగుపడదని నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు.

ఆ ఏడు కుసుమ హనుమంతరావు పొలం ఎకరం కౌలుకు తీసుకుని మొదటిసారి మిరప వేసింది. పూతంతా రాలిపోసాగింది. సంగతి తెలిస్తే ఆయన మళ్లీ కౌలుకివ్వడు. రాలిన పూలు కొంగులో దాచుకుని ఆఫీసుకు వెళ్తే, గోపాలకృష్ణయ్య కంటి ఆపరేషన్‌కని నరసరావుపేట పోయాడు. వరండాలో హనుమంతరావే పేపరు చదువుతున్నాడు.

"ఏం కావాలమ్మా?" అంది మరమనిషి.

"ఏం లేదు. మా చేను బాగానే ఉంది." కొంగులోంచి ఒక పువ్వు జారి కిందపడింది.

మరమనిషి ఆ పువ్వును చూసింది. ఉన్నట్టుండి గొంతు పెంచింది. "మావయ్య గారు ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. ఆయన చేలో పూత రాలుతోందట. పూలు తెల్లకాగితం మీద దులపాలి. నల్లపురుగులు పాకితే నీలం రంగు జిగురు అట్టలు కట్టాలి. దొరికిన మందులన్నీ కలిపి కొట్టడం ఆపాలి."

"మళ్లీనా? చానా దరిద్రపు చేనురా అది," అని హనుమంతరావు పేపరు తిప్పాడు.

కుసుమ చేను నిలబడింది. తొలి పండుమిరపకాయలు తీసుకుని గోపాలకృష్ణయ్య ఇంటికి వెళ్లింది. ఆయన ఇంట్లో లేడు. చేను ఎట్లా ఉందని అడిగితే ఆయన భార్య వింతగా చూసింది. "చేనేందే? పిల్ల పెళ్లికే అమ్మేశాంగా."

కుసుమ నేరుగా వరండాకు వచ్చింది. "బాబాయికి చేను లేదని నీకు తెలుసా?"

"మొదటి రోజే తెలుసమ్మా. రికార్డులో ఆయన పేర సెంటు భూమి లేదు."

"మరి ఆ రోజు ఫోన్?"

"చెయ్యలేదు."

"ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదే?"

"అల్లుణ్ణి గదమ్మా."

అంతలో నల్లకళ్లద్దాలతో గోపాలకృష్ణయ్య మెట్లెక్కుతూనే అందుకున్నాడు. "ఏందిరా అల్లుడూ, నా చేలో మళ్లీ ఏందో తెగులు."

కుసుమ ఆయనకు కుర్చీ లాగి వేసింది. "ఏం తెగులు బాబాయ్? అందరికీ వినపడేట్టు చెప్పు."