ఫరీదాబాద్‌లో పాట ఎత్తుకున్నవాడు

ఒక పాట బరువు ఎంతుంటుంది? నవ్వకండి. ఇన్నేళ్ళుగా దాన్ని మోస్తున్నవాణ్ణి అడుగుతున్నాను. నేను మనిషిని చంపలేదు, బ్యాంకును ముంచలేదు. ఒక పల్లవి పాడాను, అంతే. ఆ తర్వాత నోరు మూసుకున్నాను. నా తప్పు పాడటంలో కన్నా ఆ మూసుకోవడంలోనే ఉందని నాకు బాగా తెలుసు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరు నాకు తెలియరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది నోయిడాలో తెలుగువాళ్ళ క్రికెట్ జట్టు. అందరం ఆఫీసు ఉద్యోగులమే. కోస్తావాళ్ళం, సీమవాళ్ళు, తెలంగాణవాళ్ళు కలిసే ఆడేవాళ్ళం. కెప్టెన్ రవన్నది కరీంనగర్. మా చొక్కాల ఖర్చు సుబ్బారావు గారిది. గుంటూరు మనిషి, ఢిల్లీలో అశోకా రోడ్డు దగ్గర భోజన హోటలు నడిపేవారు. అందరి వీపుల మీదా ఆ హోటలు పేరు ఉండేది. ఆదివారం గెలిచినా ఓడినా మధ్యాహ్నం భోజనం ఆయన దగ్గరే. జట్టులో సగం మంది బ్యాటు కోసం కాక ఆయన గోంగూర కోసమే చేరారని నా అనుమానం. నేనైతే అందుకే చేరాను.

ఆ ఏడు ఆంధ్రాలో ఎన్నికలు. ఓటేయడానికి మా ఊరు వెళ్ళాను. మా వీధి చివర ఒక పార్టీ ప్రచార బండి ఆగేది. పొద్దున లేస్తే పాట. "మూట కట్టు మావయ్యా, బండి వచ్చెను లేవయ్యా" అంటూ అవతలి పార్టీ నాయకుణ్ణి కుర్చీ దిగి ఇంటికి పొమ్మనే పాట. ఏం దరువండీ అది! పళ్ళు తోముకుంటూ అదే, స్నానం చేస్తూ అదే. చివరికి ఓటు వేసేచోట కూడా లోపల్లోపల అదే పాడుకుంటూ, ఆ పాట ఎవరిని తిట్టిందో ఆయనకే మీట నొక్కి వచ్చాను. ఆయనంటే నాకు అభిమానం. పాట వేరు, ఓటు వేరు. ఈ సంగతి నాకు తెలుసు గానీ నా నోటికి తెలియదు.

తిరిగొచ్చిన ఆదివారమే ఫరీదాబాద్‌లో ఫైనల్. చివరి ఓవర్లో గెలిచాం. రవన్న కప్పును మైకులా నోటి దగ్గర పెట్టుకుని గంతులు వేస్తున్నాడు. నేను అతనికి ఎదురుగా నిలబడి ఫోన్లో వీడియో తీస్తున్నాను. ఆనందం పట్టలేక నోరు తెరిచాను. ఏం వస్తుంది? లోపల ఉన్నదే వచ్చింది. "మూట కట్టు మావయ్యా!" ఓడిన జట్టుకు కూడా అది చక్కగా అతికింది. అందరూ అందుకున్నారు. ఆ పార్టీవాళ్ళు, ఈ పార్టీవాళ్ళు, ఏ పార్టీ పట్టనివాళ్ళు. ఓడిపోయిన హర్యానా కుర్రాళ్ళు కూడా చప్పట్లు కొడుతూ "భయ్యా, షాదీ కా గానా హై క్యా?" అని అడిగారు. అవును, పెళ్ళిపాటే అన్నాను.

వీడియోను మా గ్రూపులో పెట్టింది కూడా నేనే. అందులో నా ముఖం లేదు, గొంతు ఉంది. సాయంత్రానికి అది ఊళ్ళు దాటిపోయింది. పాట కట్టిన పార్టీ కుర్రాళ్ళెవరో "ఢిల్లీలోనూ మన గాలే" అని రాసి ఊరంతా తిప్పారు. వీడియో నిండా మా వీపులు. వీపుల నిండా సుబ్బారావు గారి హోటలు.

పాట తిట్టిన ఆ నాయకుడి ఫొటోకు రోజూ అగరొత్తి వెలిగించే మనిషి ఆయన. ఫలితాలు ఇంకా రాలేదు, అసలే కంగారులో ఉన్నారు. మరుసటి ఆదివారం మేం కప్పు పట్టుకుని వెళ్ళేసరికి ఆకులు వేయలేదు.

"నా గోంగూర తిని మా నాయకుణ్ణి మూట కట్టుకోమంటారా?" అన్నారు. "పాట ఎత్తుకున్నోడెవడో చెప్పండి. వాడు జట్టులో ఉంటే నా పేరు పీకేసుకోండి, మళ్ళీ ఈ గడప తొక్కొద్దు."

వీడియో పెట్టి వినిపించారు. మళ్ళీ వినిపించారు. "ఏం గొంతయ్యా ఇది! పెనం మీద అట్లకాడ గీకినట్టుంది."

అందరూ నవ్వారు. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. లోపల మండింది. చిన్నప్పుడు బడిలో ప్రార్థన నాచేతే పాడించేవారు. తప్పు దాచుకోవాలా, గొంతు పరువు కాపాడుకోవాలా అని ఒక్క క్షణం నిజంగానే ఊగిసలాడాను. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడంటారు. నేను ఎడమచెయ్యి జేబులోంచి తీయలేదు. చూపుడువేలి మీద ఓటు సిరా ఇంకా పోలేదు.

అందరి కళ్ళూ రవన్న మీద పడ్డాయి. వీడియోలో కప్పు నోటి దగ్గర పెట్టుకున్నది అతనే కదా.

"నాకు ఆడ ఓటే లేదు గద సార్! గా పాట నాకెట్ల తెలుస్తది?" అన్నాడు.

"ఓటు లేకపోతే నోరు లేదా?" అని సుబ్బారావు గారు నా వైపు తిరిగారు. "వీడియో తీసింది నువ్వే కదా బాబూ. నువ్వు చెప్పు, ఎవరు?"

రెండక్షరాల జవాబు.

"అంత గోలలో ఏం తెలుస్తుందండీ," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "కెప్టెన్ గారు మాత్రం మంచి ఊపులో ఉన్నారు."

అబద్ధం కాదు, చూడండి. ఇన్నేళ్ళూ ఆ ఒక్క ముక్కతోనే నన్ను నేను సముదాయించుకున్నాను. అబద్ధం ఆడినా నయమే, కనీసం ఆడానని ఒప్పుకోవచ్చు. నేను ఒక నిజాన్ని పట్టుకుని మనిషిని నెట్టేశాను.

రవన్న నా వైపు చూశాడు. ఎంతోసేపు కాదు. "సరే సార్, నేనే అనుకోండ్రి. వీళ్ళ ఆట ఎందుకు ఖరాబు చెయ్యాలె," అని కప్పు బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత ఆకులు వేశారు. నేను తిన్నాను. గోంగూర మారు అడిగి వేయించుకున్నాను కూడా. మిగతా అంతటికన్నా ఇది చెప్పడానికే సిగ్గుగా ఉంది.

కొత్త కెప్టెన్ ఎవరనుకున్నారు? నేనే. అనవసరంగా నోరు జారని మనిషి అని సుబ్బారావు గారే నా పేరు చెప్పారు. ఆ గొడవ తర్వాత టోర్నమెంటు పెద్దలు కొత్త నియమం పెట్టారు. గెలిచినవాళ్ళు ఏ భాషలోనూ పాడకూడదు, చప్పట్లు కొట్టుకోవచ్చు. ఇప్పుడు ఫైనల్ గెలిచిన జట్టు ఉపన్యాసం విన్నట్టు నిలబడి చప్పట్లు కొడుతుంది. ఆ పాపం కూడా నాదే.

ఒక సంగతి మాత్రం చాలా ఆలస్యంగా తట్టింది. ఆ రోజు మైదానంలో రవన్న ముఖం నా ఫోనుకు కనబడితే, నా నోరు అతని కళ్ళకు కనబడదా? మొదటినుంచీ అతనికి తెలుసు. మరి ఎందుకు చెప్పలేదు? నేనే చెబుతానని ఎదురుచూశాడా? ఆ చూపు అదేనా? అది జాలి అయితే భరించలేను, అసహ్యమైతే ఇంకా భరించలేను.

రవన్న ఇప్పుడు గుర్గావ్ జట్టుకు ఆడుతున్నాడు. మొన్న మమ్మల్ని ఓడించారు. వాళ్ళు చప్పట్లు కొట్టుకున్నాక అందరం చేతులు కలుపుతుంటే, "అన్నా, మీకు ఒక విషయం చెప్పాలి," అన్నాను.

"గా పాట ముచ్చటేనా?" అన్నాడు. నా చెయ్యి వదల్లేదు. "చెప్పు, వింటున్న."

మైదానంలో ఎవరూ మమ్మల్ని పట్టించుకోవడం లేదు. అంతకన్నా మంచి సమయం దొరకదు. అతను నిజంగానే వింటున్నాడు.

"ఏం లేదన్నా. బాగా ఆడారు," అన్నాను. అతను చెయ్యి వదిలేశాడు.

అతనికి చెప్పాల్సింది మీకు చెప్పడం కూడా పిరికితనమే. తెలుసు. మీరు క్షమించినా అది నాకు చెల్లదు. అయినా ఒక్కసారైనా పైకి అననివ్వండి, ఊపిరి ఆడుతుంది. ఆ పాట ఎత్తుకున్నది నేను. ఆ గొంతు నాది.