నిమ్‌పురా ఝీల్లో కాళ్ళెక్కువున్న పిట్ట

పిట్టల మీద ప్రేమతో నేను ఆ సంఘంలో చేరానని చెప్పుకోవాలని ఉంటుంది గాని, అసలు కారణం నా పొట్ట.

పంతొమ్మిదివందల అరవైల్లో నేను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో టైమాఫీసు గుమాస్తాని. మా నాన్న శ్రీకాకుళం వైపునుంచి వచ్చి అదే వర్క్‌షాపులో ఇనుము మోసి కండలు పెంచాడు. ఆయన చెప్పించిన చదువు పుణ్యమా అని నేను కుర్చీలో కూర్చుని పొట్ట పెంచాను. నలభై నిండకుండానే మెట్లెక్కితే ఆయాసం. ఆసుపత్రికి వెళ్తే డాక్టరు మందు రాయకుండా పొద్దున్నే నడవమన్నాడు. ఒక్కణ్ణీ నడవడమంటే నాకు బద్ధకం. నిమ్‌పురాలో మా క్వార్టర్స్ వరసలోనే ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు ఉండేవాడు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. ఆదివారం తెల్లారేసరికల్లా మెడలో దుర్భిణీ వేసుకుని బయల్దేరేవాడు. ఆయన వెనక పడితే నడకా అవుతుంది, పొద్దూ పోతుంది అనుకున్నాను. అలా వెళ్ళి వెళ్ళి, ఏం జరుగుతోందో తెలిసేసరికి సంఘంలో సభ్యుణ్ణయిపోయాను.

ఆ సంఘానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరుండేది. మా తెలుగువాళ్ళు పిట్టల కమిటీ అనేవారు. దాన్ని నడిపేది ఒక బెంగాలీ సైన్సు టీచరు. ఊళ్ళోనే ఇందా పేటలో ఉండేది, అందరం దిదిమణి అనేవాళ్ళం. సన్నగా, నెమ్మదిగా ఉండేది గాని ఆవిడ ముందు అబద్ధం చెప్పడం కష్టం. నేను మాత్రం ప్రతి ఆదివారం చెప్పేవాణ్ణి. ఎందుకంటే నాకు ఒక్క పిట్టా కనిపించేది కాదు. అందరూ చెట్టు కొమ్మ కేసి చూపించి గుసగుసలాడేవారు. దుర్భిణీ చేతులు మారి నా దాకా వచ్చేసరికి పిట్ట ఒడిశా సరిహద్దు దాటిపోయుండేది. అయినా మర్యాదకి, "చూశాను, చాలా బావుంది" అనేవాణ్ణి. ఒకరోజు అద్దాల మీద మూతలు తియ్యకుండానే చూసి, రంగు భలేగా ఉందన్నాను. దిదిమణి నవ్వలేదు. దుర్భిణీ నా చేతిలోంచి తీసుకుని, మూతలు ఊడదీసి, మళ్ళీ ఇచ్చింది. నవ్వినా ఇంత బాధ ఉండేది కాదు.

యార్డు దాటాక ఒక ఝీలు ఉండేది. ఎప్పుడో రైలు కట్టకి మట్టి తవ్వగా మిగిలిన పల్లంలో నీళ్ళు నిండి ఏర్పడ్డది. ఒకప్పుడు చలికాలంలో అక్కడ బాతులు వేలకొద్దీ దిగేవని గార్డు సాబ్ చెప్పేవాడు. నేను చేరేనాటికి నీళ్ళన్న మాటే కనబడేది కాదు. ఒడ్డునుంచి ఒడ్డుదాకా గుర్రపుడెక్క, బెంగాలీలో పానా అంటారు, పచ్చని దుప్పటి కప్పినట్టు పరుచుకుపోయింది. బాతు దిగాలన్నా చోటు లేదు. దాన్ని తీసేద్దామని దిదిమణి అంది. ఝీల్లో చేపలు పెంచుకునే హక్కు ఝపటాపూర్‌కి చెందిన ఒక గుత్తదారుది. వెళ్ళి అడిగితే ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. కూలి లేకుండా చెరువు బాగుచేస్తామని చదువుకున్నవాళ్ళు ఇంటికొచ్చి అడిగితే ఎవరు మాత్రం కాదంటారు? చేపపిల్లల్ని వదిలేలోగా మొత్తం తీసెయ్యాలని మాత్రం షరతు పెట్టాడు.

వానలకి ఝీలు నిండి, పానా తెట్టు విడివడి నడుమ నీళ్ళు తేలాక పని మొదలెట్టాం. వెదురు కర్రలకి కొక్కేలు కట్టి ఒడ్డునుంచి లాగడం, లాగినదాన్ని గట్టు మీద కుప్ప పొయ్యడం. ఇక్కడ నాలో వర్క్‌షాపు మనిషి నిద్రలేచాడు. నేను పట్టుకున్న పెద్ద పనిముట్టు పెన్సిలే అన్న సంగతి పక్కనబెట్టి, ఇలా పోగులు పోగులుగా లాగితే వచ్చే వానాకాలానిక్కూడా అవదనీ, తెట్టుని పెద్ద ముక్కలుగా కోసి, తాడు కట్టి, బోగీలు లాగినట్టు లాగాలనీ అందరికీ వివరించాను. తాడు కట్టే పని నేనే చేస్తానన్నాను. పానా ఏళ్ళ తరబడి పేరుకుని, పైన గడ్డి కూడా మొలిచి, చాప లాగా దళసరిగా ఉంది. ఒక పాత తలుపు చెక్క దానిమీద వేసుకుని, చెక్క మీద కూర్చుని, దాన్ని జరుపుకుంటూ అవతలి అంచుదాకా వెళ్ళాను. నేను చెప్పినట్టే వెనక మావాళ్ళు తెట్టుని కోసేశారు.

అప్పుడు గాలి లేచింది. నేను కూర్చున్న ముక్క ఒడ్డునొదిలి, ఏ తొందరా లేకుండా, ఝీలు నడిమధ్యకి బయల్దేరింది. తాడు లాగండని అరిచాను. ఎవరూ లాగలేదు. చూసుకుంటే తాడు కొసలు రెండూ నా దగ్గరే ఉన్నాయి.

నాకు ఈత రాదు. గార్డు సాబ్ ఒడ్డునుంచి, ప్లాట్‌ఫారం మీద ప్రయాణికుణ్ణి గద్దించినట్టు, కదలొద్దని గద్దించాడు. జాలరులని పిలుచుకు రావడానికి ఎవరో పరుగెత్తారు. నేను మోకాళ్ళు కావిలించుకుని రాయిలా కూర్చున్నాను. జలగలు కాళ్ళకి పట్టాయి. పీకాలంటే వంగాలి, వంగితే చెక్క ఒరుగుతుంది. మనిషి అంతసేపు అంత కదలకుండా కూర్చోవడం అంతకుముందు నా జన్మలో లేదు, టైమాఫీసులో కూడా.

అలా కూర్చుని ఉండగా దగ్గర్లోనే ఆకులు కదిలాయి. ఒక పిట్ట బయటికొచ్చింది. కోడిపెట్ట కంటే చిన్నది, నల్లటి మెడ, ఇత్తడి రంగు రెక్కలు. కాలివేళ్ళు ఎంత పొడుగంటే, ఆ వేళ్ళు పరుచుకుంటూ ఆకుల మీద నేల మీద నడిచినట్టే నడుస్తోంది. దుర్భిణీ లేదు, వేలు పెట్టి చూపించేవాళ్ళు లేరు, నాకు పిట్ట కనిపిస్తోంది. పైన ఒక గద్ద తిరిగింది. ఆ పిట్ట సన్నగా ఏదో అని, ఉన్నచోటే కుంగి, రెక్కలు కొంచెం ఎడం చేసింది. మళ్ళీ లేచి నిలబడేసరికి దానికి కాళ్ళు ఎక్కువున్నాయి. దాని రెండు కాళ్ళు కాక, రెక్కల కిందనుంచి అటూ ఇటూ సన్నటి కాళ్ళు వేలాడుతున్నాయి. అలాగే గబగబా నడిచి తెట్టు మీది గడ్డిలోకి వెళ్ళిపోయింది. జలగల సంగతీ, ఈత రాని సంగతీ నేను మర్చిపోయాను. అది వెళ్ళినవైపే నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

జాలరులు దోనె వేసుకొచ్చి, నన్ను తడిసిన బస్తాలా అందులో పడేసి, ఒడ్డుకి చేర్చారు. దిగీ దిగగానే, కాళ్ళెక్కువున్న పిట్టని చూశానని చెప్పాను. గార్డు సాబ్ నా భుజం తట్టి, ఇంటికెళ్ళి వేడిగా ఏదైనా తాగమన్నాడు. తక్కినవాళ్ళు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. దిదిమణి మాత్రం నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, రంగేమిటి, వేళ్ళెలా ఉన్నాయి, కుంగిందా, లేచిందా అని ఒక్కొక్కటీ అడిగింది.

"అది జలపిపి, తండ్రి పిట్ట" అంది చివరికి. "ఆ కాళ్ళు పిల్లలవి. అవి పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని మోస్తాయని చదివాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేకపోయాను."

ఆ మాటతో నాకు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు. ఇంటికెళ్ళి మా ఆవిడకి జలగ గాట్లు చూపిస్తూ మొత్తం కథ చెప్పాను. దిదిమణి చెప్పినవన్నీ అప్పజెప్పాను: ఆ జాతిలో పొదిగేదీ, పెంచేదీ మగదేనట. మా ఆవిడ గిన్నెలు తోముతూ వింది.

"మరి తల్లేటి సేస్తాది?" అని అడిగింది.

గుడ్లు పెట్టేసి తన దారిన తాను వెళ్ళిపోతుందట అన్నాను.

ఆవిడ చేతిలో గిన్నె ఆగింది. "అయితే వచ్చే ఆదివారం నానూ వస్తాను. ఆ తల్లిని సూడాల."

అన్నట్టే పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని వచ్చింది. అదే రోజు గుత్తదారు కూడా వచ్చాడు. ఆ తెట్టు ముక్క గాలికి ఒక మూలకి చేరి రెల్లుకి ఆనుకుంది. దాన్ని ఎందుకు వదిలేశారని అడిగాడు. అందులో ఉన్న పిట్ట పిల్లలు ఎదిగేదాకా దాన్ని ముట్టుకోకూడదని దిదిమణి చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. చిన్న ముక్క మిగిల్చినా నెల తిరక్కుండా మళ్ళీ చెరువంతా అల్లుకుంటుందన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. పిట్ట పిల్లల్ని మొయ్యడమేమిటి, ఎవరు చూశారని నిలదీశాడు. అందరూ నాకేసి చూశారు.

నా బెంగాలీ బజార్లో కూరలు కొనేంతవరకే. రెక్కకేమంటారో తెలీదు, పొదగడానికేమంటారో తెలీదు. చెమట పట్టింది. చివరికి మా అమ్మాయిని ఒక చంకలో, అబ్బాయిని ఒక చంకలో ఇరికించుకుని, వాళ్ళ కాళ్ళు వేలాడుతుండగా, వంగి వంగి గట్టు మీద నడిచాను.

"దాదా, బాబా పాఖీ," అన్నాను రొప్పుతూ, "ఏయి రకమ్."

అంటే నాన్న పిట్ట ఇలాగ అని. మా పిల్లలు కీచుమంటున్నారు. గుత్తదారు నా పొట్టకేసీ, చంకల్లో తన్నుకుంటున్న కాళ్ళకేసీ చూసి, నవ్వు ఆపుకోలేక గట్టు మీద చతికిలబడ్డాడు. గార్డు సాబ్ సమయం చూసి, తెట్టు కదలకుండా చుట్టూ వెదుళ్ళు పాతుదామన్నాడు. కళ్ళు తుడుచుకుంటూనే గుత్తదారు సరేనన్నాడు. వెదుళ్ళు కూడా ఆయనే పంపించాడు.

తక్కిన ఝీలంతా శుభ్రం చేసేసరికి వానలు వెనకబట్టాయి. గట్టు మీది కుప్పలు కుళ్ళి ఎరువయితే, నిమ్‌పురా క్వార్టర్స్‌లో ఆ ఏడు బీరపాదులు గోడలు దాటాయి. జలపిపి పిల్లలు రెక్కలొచ్చేదాకా ఆ మూలనే తిరిగాయి. మా ఆవిడకి తల్లి పిట్ట కూడా కనబడింది. మగదానికంటే పెద్దదిగా, ఒక్కర్తీ దర్జాగా అవతలి ఒడ్డున నడుస్తోందట. ఇంటికొచ్చాక అంట్ల గిన్నెలు నా ముందు పెట్టింది.

చలికాలంలో బాతులు దిగాయి. గార్డు సాబ్ చెప్పిన వేలు కాదు, ఒక చిన్న గుంపు. వర్క్‌షాపులో ఈ కథ అప్పటికే తిరిగి, మావాళ్ళు నన్ను బాబా పాఖీ అని పిలవడం మొదలెట్టారు. మా హెడ్ గుమాస్తా కూడా సంతకానికి కాగితం ఇస్తూ నవ్వు దాచుకునేవాడు. నా పొట్ట తగ్గలేదు. పానా మరుసటి వానలకి మళ్ళీ మొలిచింది, మళ్ళీ లాగాం. ఆ ఏడు మా వరసలోని ఆడవాళ్ళు కూడా వచ్చారు. పనయ్యాక అందరం గట్టు మీద కూర్చుని మురీలో, అంటే మరమరాల్లో, ఆవనూనె, పచ్చిమిరపకాయలు కలుపుకుని తిన్నాం. దిదిమణి దుర్భిణీ మా ఆవిడకిచ్చి, తను నీళ్ళలో కాళ్ళు కడుక్కోవడానికి దిగింది.