దబ్బనం పోటు

మొన్న మా అన్న నెల్లూరులో మోకాలి ఆపరేషన్ చేయించుకుంటే సాయానికి నేను వెళ్ళి కూర్చున్నాను. నాలుగో రోజున వ్యాయామం చేయించే అమ్మాయి ఒక పాత ఫుట్‌బాలు పట్టుకొచ్చి, అరికాలి కింద పెట్టుకుని ముందుకీ వెనక్కీ దొర్లిస్తూ ఉండమని చెప్పి పోయింది. అన్న నాలుగుసార్లు దొర్లించి, ఇక నా వల్ల కాదన్నట్టు దాన్ని నా వైపు నెట్టాడు. నేను వంగి చేతిలోకి తీసుకున్నాను. కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన అరవై రెండేళ్ళ మనిషిని, ఆ బంతిని అటూ ఇటూ తిప్పి బొటనవేలితో దాని మూతి కోసం వెతుకుతుంటే పక్క మంచానికి తోడొచ్చిన ఆవిడ వింతగా చూసింది. మూతి లేదు, తాడు లేదు, కుట్టు కూడా కనపడలేదు.

మా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ, ఆ రోజుల్లో బంతి అంటే తోలు ముక్కలు కలిపి కుట్టిన తొడుగు, దాని లోపల రబ్బరు బ్లాడరు, మూతి దగ్గర బూట్లకు కట్టినట్టు తాడు. వానలో తడిస్తే రాయంత బరువెక్కేది, ఎండితే కుట్లు విడిచేది. ఆ కుట్లు విడవడమే నా అదృష్టమైంది.

మాది కావలిలో పరుపుల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో దూది ఆరబోసుకునే పెరడు. నాయన విల్లుతో దూది ఏకేవాడు, పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. నాకు పదేళ్ళు నిండేసరికే దబ్బనం చేతికొచ్చింది. దబ్బనమంటే జానెడు పొడవుండే లావు సూది. పరుపును ఈ పక్కన గుచ్చితే ఆ పక్కన తేలాలి. అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద, ఊరి ఫుట్‌బాలు జట్టుకు కెప్టెన్. వాళ్ళందరికీ కలిపి ఉన్నది ఒక్కటే బంతి. స్టేషను దగ్గర చెప్పులు కుట్టే ఆయన రేపు, ఎల్లుండి అని తిప్పించుకుంటుంటే విసిగిపోయి, ఒకరోజు అన్న ఆ బంతిని తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. బ్లాడరు బయటికి తీసి, తొడుగు తిరగేసి, మైనం పట్టించిన దారంతో లోపలి నుంచి కుట్టి ఇచ్చాను. పది రోజులు నిలిచింది. అప్పటినుంచి ఆ జట్టంతా చేరేది మా పెరట్లోనే, వాళ్ళ బంతికి నేనే వైద్యురాలిని.

సూది పట్టుకున్న మనిషిని మధ్యలో లేపకూడదని మా నాయన నియమం. లేపితే కుట్టు వంకర పోతుందని ఆయన నమ్మకం. పన్నెండు, పదమూడేళ్ళ ఆడపిల్ల మగపిల్లల మధ్య కూర్చోవడం ఏమిటని అమ్మ లోపలి నుంచి కేకేస్తే, అది కుట్టు మీదుంది, ఉండనీ అని నాయన అడ్డం పడేవాడు. ఆ కుట్టు ఎంతకీ తెమలకుండా చూసుకునే తెలివి నాకు ఆ వయసులోనే ఉంది.

ఆ పెరట్లో కూర్చునే నేను ఆటను నేర్చుకున్నాను. ఎవరు బంతిని వదలకుండా సొంతానికి ఆడతాడో, ఎవరికి ఎడమ కాలు రాదో, వాళ్ళ పోట్లాటలు వింటూనే తెలుసుకున్నాను. పాటలూ అక్కడివే. మద్రాసు రేవు నుంచి ఓడల్లో పనికి పోయే మా చిన్నమామ ఒకసారి టేపు రికార్డరూ అరడజను ఇంగ్లీషు పాటల క్యాసెట్లూ తెచ్చి అన్నకిచ్చాడు. అట్టల మీద జుట్టు భుజాల దాకా పెంచుకున్న మగవాళ్ళ బొమ్మలు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ ఆ గిటారు మోగగానే నా ఒళ్ళు ఝల్లుమంది, ఎందుకంటే పుట్టినప్పటి నుంచి నేను నిద్ర లేస్తున్నది మా నాయన దూదేకే విల్లు మోతకే. అదే తీగ, అదే దెబ్బ, అదే ఝంకారం. జట్టులో కుర్రాళ్ళందరూ ఇదేం గోలరా అని చెవులు మూసుకుంటే, నాయన మాత్రం విల్లు పక్కన పెట్టి కాసేపు విని మెచ్చుకున్నాడు.

"వీడెవడోగానీ బలే ఏకతా ఉండాడే!"

అంతకు మించిన సమీక్ష ఆ సంగీతం మీద నేను ఎక్కడా చదవలేదు.

ఇక పుస్తకాలు. నా కుట్టుకూలి అవే. ట్రంకు రోడ్డు మీద అద్దె పుస్తకాల కొట్టు నుంచి అన్న సైకిలు హ్యాండిల్‌కి సంచీ తగిలించుకుని నవలలు తెచ్చేవాడు. ఏది దొరికితే అది: అపరాధ పరిశోధనలు, కన్నీళ్ళు కార్పించేవి, మధ్యలో పేజీలు చినిగి హంతకుడెవరో మనమే తేల్చుకోవలసినవి. ఆ కొట్టు పెట్టిన ఆకలే తరువాత నాకు ఉద్యోగమైంది.

ఇంత సుఖంగా సాగుతున్న రోజుల్లో నెల్లూరు జట్టు మా ఊరికి ఆడటానికి వచ్చింది. వాళ్ళతో వచ్చిన పెద్దమనిషి జిల్లా జట్టుకు మా ఊరి నుంచి ఒకర్ని తీసుకుంటాడని ముందే తెలుసు. ఆ ఒక్కరు మా అన్నేనని ఊరంతా అనుకుంది. మేము ఇంకా గట్టిగా అనుకున్నాము. బంతి మాదే. ఆ పొద్దున చూస్తే ఒక కుట్టు రెండంగుళాలు విడిచి ఉంది. అన్న నా ముందు పెట్టి గాలి పంపు కోసం సైకిలు షాపుకు పోయాడు. నా ఒళ్ళో సాయంత్రంలోగా తిరిగి ఇవ్వవలసిన నవల, ఇంకా ఇరవై పేజీలు. పక్కన టేపులో నాకిష్టమైన పాట. తాడు విప్పి బ్లాడరు తీయడానికి బద్ధకించి, సగం గాలి వదిలి, పైనుంచే కుట్టేశాను. చేతికి పరుపు అలవాటు కదా, ఒక పోటు లోతుగా దిగింది. దిగినట్టు వేళ్ళకు తెలిసింది. తెలిసినా దారం లాగి ముడి వేసి, నవల తెరిచాను.

గాలి కొట్టాక బంతి బాగానే నిలిచింది. రబ్బరు ఆ దారాన్ని కరచుకుని ఉన్నట్టుంది. నేను రైలు కట్ట మీద నిలబడి ఆట చూశాను. చెరొక గోలు. ఇంక ఐదు నిమిషాలుందనగా అన్న ఇద్దరిని తప్పించుకుని ముందుకు దూసుకుపోయాడు. ఎదురుగా గోలు ఖాళీ. ఎడమ కాలితో తన్నాడు. బంతి నీరసంగా నాలుగు గజాలు దొర్లి, గీతకు మూరెడు దూరంలో చతికిలబడింది. జనం గొల్లున నవ్వారు. తుమ్మ ముల్లు గుచ్చుకుందన్నాడు అన్న. ఇంకో బంతి లేదు, ఆట అక్కడితో ఆపేశారు. ఆ పెద్దమనిషి మా గోల్‌కీపరును రాసుకుని రైలెక్కాడు. మరుసటి ఏడు నాయనకు నడుం పట్టేయడంతో అన్న కొట్టులో కూర్చున్నాడు. తర్వాత ఎప్పుడూ జిల్లా మాట ఎత్తలేదు.

నేను నోరు విప్పలేదు. చెబితే ఆ పెరట్లో నా చోటు పోతుందని భయం. తరువాత తరువాత, చెప్పకుండా గడిచిన కాలమే ఒక తప్పై కూర్చుంది. నవలలు చదివాను, ఉద్యోగం చేశాను, పెళ్ళయ్యాక కూడా పొద్దున్నే ఆ పాటలే పెట్టుకుంటే మా ఆయన రేకుల మీద రాళ్ళవాన మొదలైందమ్మా అని ఏడిపించేవాడు. నాకు ఇష్టమైనవన్నీ నాకు దక్కాయి. అన్నకు దక్కనిది నా చేతి మీదుగానే పోయిందన్న సంగతి మాత్రం ప్రతి పాట వెనకా ఉండేది.

ఆసుపత్రిలో ఆ బంతి పట్టుకుని కూర్చున్నప్పుడు ఇక ఆపుకోలేకపోయాను. నలభై తొమ్మిదేళ్ళ మాట, ఒక్క గుక్కలో చెప్పేసి ఏడ్చాను. అన్న దిండు సరిచేసుకుని తాపీగా విన్నాడు.

"తెలుసులేమే. ఆ సాయంత్రం బ్లాడరు తీసి చూస్తే తెలీదా? ముల్లు గుచ్చుకుంటే మైనం దారం ఎట్టొస్తాది లోపలికి?"

మరి నన్నెందుకు ఒక్క మాట అనలేదన్నా అని అడిగాను.

"అనుంటే నిన్ను మళ్ళా బంతి ముట్టుకోనిచ్చుంటారా? నువ్వు లేచి లోపలికి పోతే ఆ పాటలు నేనెవురితో ఇనేది? మావోళ్ళంతా చెవులు మూసుకునేటోళ్ళే గదా."

పైగా, గాలి ఉన్నా ఆ బంతి గోలయ్యేది కాదనీ, తాను సరిగ్గా తన్నలేదనీ అన్నాడు. అది అబద్ధం. రైలు కట్ట మీద నుంచి నేను కళ్ళారా చూశాను. అయినా తలూపాను. నా ఫోనులోంచి ఆ పాత పాటొకటి పెట్టి, ఒక ఇయర్‌ఫోను అన్న చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టుకున్నాము. బంతి కింద పెడితే, ఆయాసం లేకుండా పాట అయ్యేదాకా దొర్లించాడు.

ఇప్పుడు బంతికి కుట్టు విడవదు, పాటకు టేపు చుట్టుకోదు, నవల సాయంత్రంలోగా తిరిగి ఇవ్వనక్కరలేదు. మా మనవరాలు నెల్లూరులో బడి జట్టుకు గోల్‌కీపరు. మగపిల్లల మధ్య కూర్చోవడానికి దానికి చేతిలో సూది ఉండనక్కరలేదు, అది ఆడుతుంటే ఎవరూ లోపలికి రమ్మని కేకెయ్యరు. చూసి మురిసిపోతాను, ఒక్కోసారి మా పెరడు గుర్తొస్తుంది. తన కోసం అర్ధశతాబ్దం నోరు మూసుకుని ఉండే అన్న దానికి అవసరం లేదు. నాకు అవసరమయ్యాడు, దొరికాడు.