ఇంకొక్కసారి చూడమన్న మేడమ్

పోయిన మంగళవారం మధ్యాహ్నం అమెరికాలో, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఆఫీసు కేఫెటీరియాలో టిఫిన్ డబ్బా మూత తీస్తుంటే ఫోన్ మోగింది. మేడమ్ భర్త. ఆయన నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"అమ్మా, మీ మేడమ్ పొద్దున పోయింది. నిద్రలోనే. గుండె ఆగిందంటున్నారు," అన్నారు. నేను ఏడుస్తుంటే ఆయనే నన్ను ఓదార్చి, "ఏమైనా తిన్నావా?" అని అడిగారు.

సాయంత్రానికి యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఆవిడ ఫోటో వచ్చింది. కింద, ఒకప్పుడు ఆవిడా నేనూ పనిచేసిన ల్యాబ్ డైరెక్టర్ సంతాపం: మా కుటుంబ సభ్యురాలిని కోల్పోయాం అని. ఆ కుటుంబమే రెండేళ్ల క్రితం ఆవిడ మెడలోని బ్యాడ్జీ తీసుకుని, బయటి తలుపు దాకా సెక్యూరిటీ మనిషిని తోడు పంపింది. ఆ మాట ఆ పేజీలో లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మేడమ్‌ది కాకినాడ. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, పెళ్లయ్యాక మిషిగన్ వచ్చి, కార్ల విడిభాగాల కంపెనీలో చాలా ఏళ్లు పనిచేశారు. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ దాని చుట్టూ గొట్టాల్లో ఎలా పారుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఆవిడ పని. రెండో కాన్పు తర్వాత ఎడమ కాలు వాచడం మొదలైంది. ఒక డాక్టర్ బరువు తగ్గమన్నాడు. ఇంకొకాయన ఉప్పు మానెయ్యమన్నాడు. మరొకావిడ, కొంతమందికి నొప్పి కాస్త ఎక్కువగా తెలుస్తుందిలే అని నవ్విందట. కాలు తొడ దాకా నీలంగా మారి, లోపల రక్తం గడ్డకట్టాక గానీ ఎవరూ పొత్తికడుపు స్కాన్ తీయలేదు. తీస్తే తేలింది: ఎడమ కాలి రక్తాన్ని పైకి తెచ్చే సిరను, దాని మీదుగా పోయే ధమని వెన్నెముకకేసి అదిమేస్తోంది. స్టెంట్ వేశారు గానీ కాలికి జరగాల్సిన నష్టం అప్పటికే జరిగిపోయింది.

"నా కాలు మొదటిరోజు నుంచీ నిజమే చెప్పింది. వినేవాళ్లు లేరంతే," అనేవారు.

నలభై దాటాక ఆ ఉద్యోగం వదిలేసి యూనివర్సిటీ ల్యాబ్‌లో చేరారు. గొట్టంలో పారేదాన్ని లెక్కగట్టడం నాకు వచ్చు, గొట్టం మెత్తనిదైతే ఏమవుతుందో నేర్చుకుంటాను అని ఇంటర్వ్యూలో చెప్పారట.

నేను వరంగల్ నుంచి పీహెచ్‌డీకి వచ్చి ఆ ల్యాబ్‌లో చేరిన మొదటి శనివారమే ఇంటికి భోజనానికి పిలిచారు. పప్పుచారు, వంకాయ వేపుడు. తిన్నాక పెరట్లోకి తీసుకెళ్లి మొక్కలకు నీళ్లు పట్టే గొట్టం నేలమీద పరిచి కుళాయి తిప్పారు.

"తొక్కు. నీళ్లు తగ్గాయా?"

"తగ్గలేదు మేడమ్."

"ఇంకాస్త తొక్కు."

"ఇప్పుడు కొంచెం తగ్గినయ్."

"మరి ఎంత తొక్కితే ప్రమాదమో గొట్టాన్ని చూసి చెప్పగలవా?"

"చూస్తే ఎట్ల తెలుస్తది మేడమ్?"

"డాక్టర్ల తంటా కూడా అదేనమ్మా. చాలామందికి ఈ సిర కాస్తో కూస్తో నొక్కుకునే ఉంటుంది, జీవితాంతం ఏమీ కాదు. కొందరికి ప్రాణం మీదికొస్తుంది. స్కాన్‌లో ఇద్దరూ ఒక్కలాగే కనపడొచ్చు. ఒకరికి అక్కర్లేని స్టెంట్ వేస్తారు, ఇంకొకరిని ఇంటికి పంపేస్తారు. లోపల రక్తం ఎక్కడ పారుతోంది, ఎక్కడ నిలిచిపోతోంది, అది లెక్కగట్టి చెప్పగలమా అన్నదే మన పని."

నాలుగేళ్లు ఆ పనే చేశాం. స్కాన్ నుంచి సిర ఆకారాన్ని కంప్యూటర్‌లో మళ్లీ కట్టి, దాన్ని సన్నటి గళ్లుగా విడగొట్టి, రక్తం కదలికను లెక్కగడతాం. జోరుగా పారేచోట ఎరుపు, నిలిచిపోయేచోట నీలం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నేను మొదటి బొమ్మ తెచ్చి, "లెక్క కుదిరింది మేడమ్," అని చూపిస్తే, "లెక్క కుదిరింది సరే, మనిషికి కుదిరిందా?" అన్నారు. ఆ మనిషి పడుకుని ఉంటే ఇంత, లేచి నిలబడితే? గట్టిగా ఊపిరి పీలిస్తే? మళ్లీ చేయించేవారు. స్కాన్‌లు పేర్లు లేకుండా, ఉత్త నంబర్లతో వచ్చేవి. ఆవిడ మాత్రం నంబరు పలికేవారు కాదు. "ఈవిడ", "ఆ అబ్బాయి", "పాపం ఈ పెద్దాయన" అనేవారు. గంటకోసారి మా కుర్చీల వెనకాల నిలబడి, "లేవండర్రా, కాళ్లాడించండి," అని అందరినీ లేపేవారు.

మూడో ఏడాదిలో ఒక స్కాన్ వచ్చింది. ఇరవైల్లో ఉన్న అమ్మాయి. హాస్పిటల్ రిపోర్టులో కొద్దిపాటి నొక్కుడే, చికిత్స అక్కర్లేదని ఉంది. మా లెక్కలో సిర గోడ పక్కన పెద్ద మేర నీలం. మూడు రకాలుగా చేసి చూశాం, ఎలా చేసినా నీలమే. మేడమ్ నన్ను వెంటబెట్టుకుని డైరెక్టర్ గదికి వెళ్లారు.

"ఆ అమ్మాయి డాక్టర్‌కి ఒక్క మాట చెబుదాం," అన్నారు.

"మనది రీసెర్చ్. డయాగ్నసిస్ కాదు," అన్నాడాయన.

"ట్రీట్ చేయమని నేను అనట్లేదు. ఇంకొక్కసారి చూడమంటున్నాను."

"ఇంకా నిరూపణ కాని లెక్కను పట్టుకుని హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే ప్రాజెక్టే పోతుంది. పేపర్ రానివ్వండి."

ఆయన మాటలో కొంత న్యాయం ఉందని మేడమే ఒప్పుకున్నారు. అయినా ఊరుకోలేదు. ఎథిక్స్ కమిటీకి రాశారు. కమిటీ డైరెక్టర్ అభిప్రాయం అడిగింది. డైరెక్టర్ సమయం అడిగాడు. చలికాలం వెళ్లిపోయింది.

వసంతంలో ఒక వీడియో మీటింగ్. హాస్పిటల్ తరఫు డాక్టర్ కేసులన్నీ వరసగా చెప్పుకుపోతూ, ఆ నంబరు దగ్గర, "ఆమె పోయింది. కాల్లో గడ్డ ఊపిరితిత్తులకు చేరింది," అని తర్వాతి నంబరుకు వెళ్లిపోయాడు. మేడమ్ కెమెరా ఆగిపోయింది. నేను పక్క గదిలోకి పరిగెత్తాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

"చెప్పినా బతికేదో లేదో నాకు తెలీదు. ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదు. కానీ ఆ పిల్లకి నీ కాలు చూపించుకోమ్మా అని చెప్పడానికి రుజువు దేనికే?" అన్నారు. ఆ ఒక్కసారే నన్ను "ఏమే" అన్నట్టు పిలిచారు.

ఆ తర్వాత జరిగింది నేనింకా మింగలేకపోతున్నాను. పెద్ద కాన్ఫరెన్స్‌లో డైరెక్టర్ మాట్లాడుతూ ఆ అమ్మాయి సిర బొమ్మను తెర నిండా చూపించాడు. హాస్పిటల్ గుర్తించలేనిదాన్ని మా మోడల్ ముందే పసిగట్టింది అన్నాడు. చప్పట్లు కొట్టారు. మేడమ్ మైక్ దగ్గరికి నడిచి వెళ్లి, "పసిగట్టాక ఆ అమ్మాయికి ఎప్పుడు చెప్పాం?" అని అడిగారు. డైరెక్టర్ మంచినీళ్లు తాగి, ఆ విషయం విడిగా మాట్లాడుకుందాం అన్నాడు.

ఎవరూ విడిగా మాట్లాడలేదు. నిధులు తగ్గాయన్న కారణంతో ఆవిడ కాంట్రాక్టు పొడిగించలేదు, అంతే. మేడమ్ మళ్లీ కూలెంట్ గొట్టాల కంపెనీకి వెళ్లిపోయారు. "ఇక్కడ హాయిగా ఉందమ్మా. పంప్ ఆగిపోతే ఇంకో పంప్ వేస్తారు," అన్నారు. హాయి ఆ గొంతులో లేదు.

శనివారం అంత్యక్రియలప్పుడు ఫ్యూనరల్ హోమ్‌లో డైరెక్టర్ మాట్లాడాడు. పేషెంట్లే ఆవిడ లోకం అన్నాడు. గోడ మీది టీవీలో ఆవిడ ఫోటోల మధ్య ఆ ఎరుపు నీలం బొమ్మ కూడా వచ్చింది. పక్కన కూర్చున్న మేడమ్ భర్త నా వైపు వంగి, "ఇదేంటమ్మా, ఇంత అందంగా ఉంది?" అని మెల్లగా అడిగారు.

"ఆ అమ్మాయిది సార్," అన్నాను.

ఆయనకు కథంతా తెలుసు. డైరెక్టర్ వచ్చి చేయి చాస్తే తన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరింట్లోనైనా ఒక కాలే వాస్తోందని ఎవరైనా అంటే, అలసట అని సర్దిచెప్పకండి. ఆవిడ పేరున నేను అడగగలిగేది ఇంతే.

ఆ సాయంత్రం సార్‌ని ఇంటి దగ్గర దింపి లోపలికి వెళ్లాను. ఆయన కోటు కూడా విప్పకుండా లాండ్రీ గదిలోకి నడిచారు. సోమవారం మేడమ్ సబ్బునీళ్లలో నానబెట్టిన బిగుతు మేజోడు బకెట్లో అలాగే ఉంది. కాలి వాపు పెరగకుండా రోజూ తొడుక్కునేది. ఆయన కోటు తీసి పక్కన పెట్టి, చొక్కా చేతులు మడిచి దాన్ని ఉతికారు. నేను అందుకుని పిండబోతే ఆపారు.

"పిండితే సాగిపోతుందమ్మా. ఇలా ఒత్తాలి," అన్నారు.

తువ్వాలు పరిచి, మేజోడును దాని మధ్యలో పెట్టి, మడిచి, రెండు అరచేతులతో మడమ దగ్గర నుంచి పైకి నెమ్మదిగా ఒత్తుకుంటూ వచ్చారు. తర్వాత దాన్ని విదిలించి, ముడతలు లేకుండా సవరించి, పొద్దున్నకల్లా ఆరాలన్నట్టు హీటర్ గాలి తగిలేచోట ఆరేశారు.