దొర ట్యాంకులో డీజిల్

చెడిన బండి మీద కోరుట్ల మెకానిక్ అమీనుద్దీన్‌కు ఎన్నడూ కోపం రాలేదు. కోపమంతా దాని యజమానుల మీదే. ఇరవై ఏళ్లుగా డీజిల్ ఇంజన్లు విప్పుతున్న మనిషి, పంపు మీద చెయ్యేస్తే చాలు, అది డీజిల్‌ను ఎంత జోరుగా తోస్తుందో చెప్పేస్తాడు. అలాంటివాణ్ని పురుషోత్తం రావు దొర నలుగురిలో దొంగ అన్నాడు. ఆరు నెలల్లో రెండు పంపులు మార్చినా ఆయన పికప్ దారిలో ఆగుతూనే ఉందట!

ఆ మధ్యాహ్నం నక్సలైట్లు, అదే అన్నలు, వస్తున్నారని ఎవరో అనగానే దొర బండెక్కి జగిత్యాల దారి పట్టాడు. పొలిమేర దాటకముందే ఇంజన్ దగ్గి ఆగిపోయింది. దొర చెరుకుతోటలో దూరాడు. తీరా వచ్చింది పెళ్లికి పోతున్న బ్యాండుమేళం.

కబురందుకుని వచ్చిన అమీనుద్దీన్ ట్యాంకులోకి పుల్ల దించి చూశాడు. అడుగున ఇంత డీజిలు, అంత మడ్డి.

"గింతేనా పోసేది, దొరా?"

"నిండ పోస్తే అన్నలు బండిని అడవిల దాక తోల్కపోరా?" అన్నాడు దొర, గొప్ప ఉపాయం చెప్తున్నట్టు.

నాలుగూళ్లను గడగడలాడించిన తెలివి ఇదేనా! ట్యాంకు అడుగంటితే ఏ పంపైనా గాలినీ మడ్డినీ తప్ప ఏం తోస్తుంది?

అమీనుద్దీన్ పైపుల్లోంచి గాలి తీసి, చేతులు తుడుచుకున్నాడు.

"బండి అన్నలకు అక్కరకు రావద్దనుకున్నరు, రాలే. మీకు సుత రాలే. నా పంపుల తప్పేమున్నది, దొరా?"